సర్‌ప్రైజ్ ఇవ్వడం బాగా తెలిసిన సంస్థ, ఆ తర్వాతి గంటలు తెలియని సంస్థ: ఒక పుట్టినరోజు వేడుక నిర్వహణ సేవపై సమీక్ష

మా అమ్మ 70వ పుట్టినరోజుకు, ఆమెకు తెలియకుండా, నాలుగు దేశాలలో చెదిరి ఉన్న పిల్లలనూ, ఆమె తోబుట్టువులనూ, ఉద్యోగకాలపు సహచరులనూ, చిన్ననాటి స్నేహితురాళ్లనూ ఒకచోట చేర్చాలన్న ఆలోచన మా చెల్లెలిది. అయితే అమ్మకు అందరికంటే దగ్గరలో ఉండేదీ, అబద్ధం చెప్పడం అందరికంటే చేతకానిదీ కూడా తనే కావడంతో, ఆ పనిని మాలో ఎవరమూ నెత్తిన వేసుకోలేక, ఇలాంటి వేడుకలు నిర్వహించే ఒక సంస్థకు అప్పగించాము. మూడు నెలలపాటు వారితో పనిచేసిన అనుభవాన్ని, ఇటువంటి సేవ తీసుకోవాలనుకునే వారికి పనికివస్తుందని రాస్తున్నాను. సంస్థ పేరు చెప్పడం లేదు. వారి నేర్పూ వారి లోపమూ ఈ వ్యాపారంలో ఉన్న చాలామందిలో కనిపించేవేనని, అంతకుముందు మేము మాట్లాడి చూసిన మరో ముగ్గురి తీరును బట్టి నాకు అనిపించింది.

ఒప్పందంలో ఉన్నవి ఇవి: అతిథులను వెతికి పిలవడం, విషయం బయటపడకుండా చూడడం, వేదిక, అలంకరణ, భోజనం, రాలేనివారు చూడడానికి ప్రత్యక్ష ప్రసారం, పాత ఫొటోల ప్రదర్శన, కార్యక్రమం నడిపే యాంకరు, ఫొటోలూ వీడియో. హాలుకు 46 మంది వచ్చారు, తెరమీద 11 మంది కలిశారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అమ్మ తలుపు తెరిచిన క్షణం వరకు ఈ సంస్థ చేసిన పనికి నేను వంక పెట్టలేను. ఆ క్షణం గడిచాక, ఏళ్ల తరబడి ఒకరినొకరు చూడని యాభై మంది ఒకే గదిలో ఉన్నప్పుడు వారికి ఏం కావాలన్న ప్రశ్న మాత్రం వారికి ఎన్నడూ తట్టినట్టు లేదు.

మొదటి సమావేశంలోనే మాకు నమ్మకం కలిగించినది నిర్వాహకురాలు అడిగిన ప్రశ్నల వరుస. రంగులు, పూలు, వేదిక వెనుక తెర వంటి వాటి జోలికి పోకముందే ఆమె అడిగినది, అమ్మకు అసలు సర్‌ప్రైజులు ఇష్టమేనా అని. గతంలో ఎప్పుడైనా అనుకోకుండా ఎవరైనా ఇంటికి వస్తే ఆమె సంతోషించారా, లేక చీర మార్చుకోలేదే, ఇల్లు సర్దలేదే అని ఇబ్బంది పడ్డారా అని అడిగారు. గుండెజబ్బు ఉందా, రక్తపోటుకు మందులు వాడుతున్నారా, చీకటిలో నడవడానికి భయపడతారా అని కూడా అడిగి రాసుకున్నారు. మా తమ్ముడు నవ్వి, ఇది పుట్టినరోజు వేడుకా, ఆసుపత్రిలో చేరికా అన్నాడు. ఆమె నవ్వలేదు. దీపాలన్నీ ఆర్పి, అందరూ ఒక్కసారి పైకి లేచి అరిచే పద్ధతిని 65 ఏళ్లు దాటినవారి విషయంలో తాము చేయమని స్పష్టంగా చెప్పారు.

ఆ జాగ్రత్త అతిగా అనిపించవచ్చు గానీ, అందుకు ఆధారం లేకపోలేదు. తీవ్రమైన ఉద్వేగం వల్ల గుండె కండరం తాత్కాలికంగా బలహీనపడే స్థితిని జపాన్ వైద్యులు 1990లో వర్ణించి దానికి టకోట్సుబో అని పేరు పెట్టారు. అది ఆక్టోపస్‌లను పట్టే కుండ పేరు. ఆ స్థితిలో గుండె ఎడమ జఠరిక ఆ కుండ ఆకారంలో ఉబ్బి కనిపిస్తుంది. రుతువిరతి దాటిన స్త్రీలలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. దుఃఖమే దీనికి కారణమని చాలాకాలం అనుకున్నారు. 2016లో వెలువడిన ఒక అంతర్జాతీయ పరిశీలనలో, స్పష్టమైన ఉద్వేగ కారణం ఉన్న 485 మంది రోగులలో 20 మందికి సంతోషకరమైన సంఘటనే కారణమని తేలింది. ఆ సంఘటనల జాబితాలో పుట్టినరోజు వేడుక కూడా ఉంది. ఇది చాలా అరుదైన విషయమే, దీనికి భయపడి ఎవరూ వేడుకలు మానుకోనవసరం లేదు. కానీ పెద్దవారి మీద చీకట్లోంచి అరవడం ఒక్కటే సర్‌ప్రైజ్ పద్ధతి కానప్పుడు, మెల్లని పద్ధతిని ఎంచుకోవడంలో పోయేదేమీ లేదు.

రహస్యాన్ని కాపాడడంలో వారి నేర్పు గురించి కొంత వివరంగానే చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే ఎక్కువమంది సొంతంగా ప్రయత్నించి దొరికిపోతారు. మేమైతే ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకుని, అమ్మను అందులో చేర్చకపోతే సరిపోతుందని అనుకున్నాము. నిర్వాహకురాలు మాత్రం అమ్మ ఇంట్లో ఉన్న పరికరాలన్నిటి పేర్లు రాయించుకున్నారు. ఒక వాట్సాప్ ఖాతాను ఫోనుతోపాటు మరో నాలుగు పరికరాలకు జతచేయవచ్చు. మా చెల్లెలి ఖాతా, ఎప్పుడో ఏదో పత్రం ముద్రించడానికి తెరిచి మరచిపోయినది, అమ్మ గదిలోని కంప్యూటరులో ఇంకా తెరిచే ఉందని అలా బయటపడింది. అంతకంటే పెద్ద ప్రమాదం మా తమ్ముడి విమాన టికెట్టులో ఉంది. మా ఇంట్లో అందరూ బిల్లులకు వాడే ఒక ఉమ్మడి మెయిల్ ఖాతా ఉంది, అదే ఖాతా అమ్మ టాబ్లెట్‌లోనూ ఉంది. టికెట్టు నిర్ధారణ మెయిలు వస్తే జీమెయిల్ దానిలోని ప్రయాణ వివరాలను తనంతట తానే క్యాలెండరులో చేరుస్తుంది. ఆ టికెట్టు ఆ ఖాతాతో కొని ఉంటే, రెండు నెలల ముందే అమ్మ టాబ్లెట్‌లో కొడుకు వచ్చే తేదీ, విమానం సంఖ్యతో సహా కనిపించేది. ఈ ప్రశ్న ఆమె అడగకపోతే మాలో ఎవరికీ తట్టేది కాదు.

కుటుంబ గ్రూపు విషయంలో ఆమె ఇచ్చిన సలహా చిన్నదే అయినా మనుషుల స్వభావం తెలిసినవారు ఇచ్చేది. కొత్త గ్రూపు మొదలైన వారం నుంచీ పాత గ్రూపులో మాటలు తగ్గిపోతాయి, రోజూ పలకరించే వారు పలకరించడం మానేస్తే తల్లికి ముందుగా అనుమానం వస్తుంది, కాబట్టి పాత గ్రూపులో ఎప్పటిలాగే పోట్లాడుకోండి అన్నారు. మేము ఆ మాటను శ్రద్ధగా పాటించాము, బహుశా అవసరమైన దానికంటే ఎక్కువగానే. మా పెద్దమామయ్య అయితే పుట్టినరోజుకు రాలేకపోతున్నందుకు అమ్మకు పదిహేను నిమిషాలు ఫోనులో సంజాయిషీ చెప్పి, ఆమె చేత తిట్లు కూడా తిని, ఆ తిట్ల బాకీ వేడుక రోజున తీర్చుకున్నారు.

అతిథులను వెతకడంలోనూ వారి పనితనం గొప్పదే. అమ్మను "ఏమే" అని పిలవగలిగే మనుషులు ఇప్పుడు ఈ లోకంలో ఇద్దరే మిగిలారు, ఇద్దరూ ఆమెతో కలిసి చదువుకున్నవారు. ఒకరి చిరునామా మా దగ్గర ఉంది. రెండో ఆవిడ పెళ్లయి ఇంటిపేరు మారి, ఆ తర్వాత దేశం కూడా మారి, దాదాపు నలభై ఏళ్లుగా ఉత్తరం ముక్క లేకుండా పోయారు. సంస్థవారు ఆమె పుట్టింటి పేరుతో వెతకడం మానేసి, ఆమె తమ్ముడి వృత్తిని బట్టి ఆయనను పట్టుకుని, ఆయన ద్వారా ఆమెను చేరారు. ఆమె నంబరును ఆమె అనుమతి వచ్చేదాకా మాకు ఇవ్వలేదు, ఆ మర్యాద నాకు నచ్చింది. ఆ ఫోను సంభాషణ తర్వాత మూడు రోజులకే ఆవిడ టికెట్టు కొనుక్కున్నారు.

ఇక ఆ రోజు. చిన్న కుటుంబ భోజనం అని చెప్పి చెల్లెలు అమ్మను తీసుకువచ్చింది. కారు బయలుదేరగానే ఆమె తన ఫోనులో లైవ్ లొకేషన్ పంపింది. వాట్సాప్‌లో దానికి 15 నిమిషాలు, ఒక గంట, 8 గంటలు అనే మూడు గడువులు ఉంటాయి. ట్రాఫిక్ ఎలా ఉంటుందో చెప్పలేము కాబట్టి పావుగంట గడువు పెట్టవద్దని, గంటది పెట్టమని ముందే చెప్పి ఉంచారు. ఆ రోజు నిజంగానే దారిలో ఇరవై నిమిషాలు ఆగవలసి వచ్చింది. అతిథుల కార్లలో అమ్మ గుర్తుపట్టేవి ఉంటాయని వాటిని వెనుకవైపు నిలిపించారు.

తలుపు తెరిచేసరికి గదిలో దీపాలన్నీ వెలుగుతూనే ఉన్నాయి. గుమ్మంలో మా తమ్ముడు ఒక్కడే నిలబడి ఉన్నాడు. విదేశంలో ఉన్నాడనుకున్న కొడుకును చూసి, అర్థం చేసుకుని, వాడిని పట్టుకుని నిలదొక్కుకోవడానికి ఆమెకు అర నిమిషం పట్టింది. ఆ అర నిమిషం పూర్తిగా ఆమెకు వదిలేశారు. ఆ తర్వాత రెండడుగులు పక్కకు వేస్తే తన తోబుట్టువులు, ఆ వెనుక సహచరులు, చివర కిటికీ పక్కన ఆ ఇద్దరు స్నేహితురాళ్లు, ఇలా మెట్లు మెట్లుగా మనుషులు కనిపించేలా నిలబెట్టారు. ఫొటోగ్రాఫరు అతిథుల వైపు కాకుండా అమ్మ ముఖానికి ఎదురుగా, ఫ్లాష్ లేకుండా నిలబడి తీసిన ఫొటోలు ఈ సేవకు మేము ఇచ్చిన మొత్తంలో సగానికైనా తగినవి. కిటికీ దగ్గర నుంచి "ఏమే, లావయ్యావు" అన్న మాట వినిపించినప్పుడు అమ్మ తల తిప్పిన తీరు ఆ ఫొటోలలో వరుసగా ఆరు ఉన్నాయి.

సమీక్షను ఇక్కడితో ఆపివుంటే ఐదుకు ఐదు నక్షత్రాలు ఇచ్చేదాన్ని.

ఆ వెంటనే మైకు మోగింది. యాంకరు, పాపం ఉత్సాహవంతుడైన కుర్రాడే, అందరినీ తమ తమ స్థానాలలో కూర్చోమని కోరాడు. ఆ స్థానాలు ముందే నిర్ణయించి బల్లల మీద పేర్లు పెట్టి ఉన్నాయి. పదిమంది కూర్చునే గుండ్రటి బల్లలు. తండ్రి వైపు బంధువులు ఒక బల్ల, తల్లి వైపు వారు ఒక బల్ల, సహచరులు రెండు బల్లలు, "ఇతరులు" ఒక బల్ల. అంటే మూడు విమానాలు మారి వచ్చిన స్నేహితురాలు, ఆమె జీవితంలో ఎన్నడూ చూడని మా ఇంటి పక్కవారి మధ్య "ఇతరుల" బల్ల దగ్గర కూర్చున్నారు. అమ్మను వేదిక మీద, పూల కుర్చీలో ఒంటరిగా కూర్చోబెట్టారు. ఆమెను చూడడానికి వచ్చినవారందరికీ ఆమె చక్కగా కనిపిస్తూనే ఉన్నారు, ఎవరికీ అందుబాటులో లేరు.

పదిమంది బల్ల గురించి ఒక మాట. బ్రిటిష్ మానవశాస్త్రజ్ఞుడు రాబిన్ డన్‌బార్, ఆయన సహచరులు 1995లో ప్రచురించిన ఒక పరిశీలన ప్రకారం, మామూలుగా సాగే సంభాషణలో ఒకేసారి పాలుపంచుకునేవారు దాదాపు నలుగురే. అయిదో మనిషి చేరితే మాట సాధారణంగా రెండుగా చీలిపోతుంది. పదిమంది బల్ల దగ్గర కూర్చున్న మనిషి నిజానికి తన కుడి ఎడమల ఇద్దరితోనే మాట్లాడగలడు. ఆ ఇద్దరూ ఎవరన్నది పేర్ల కాగితాలు రాసిన వ్యక్తి నిర్ణయించాడు, అతనికి మా కుటుంబ చరిత్ర తెలియదు. మమ్మల్ని అడిగి ఉంటే చెప్పేవాళ్లము. అతిథుల వివరాలు అంత శ్రద్ధగా సేకరించిన సంస్థ, ఎవరికి ఎవరు ఎప్పటి నుంచి తెలుసు అన్న ఒక్క గడి ఆ పట్టికలో పెట్టలేదు.

శబ్దం విషయంలో నా ఫిర్యాదు మరింత గట్టిది. సంగీతం కోసం పెట్టిన పెద్ద స్పీకర్లలో రెండు సరిగ్గా పెద్దవారి బల్లల వెనుక ఉన్నాయి. 60 ఏళ్లు దాటినవారిలో నాలుగింట ఒక వంతుకు పైగా ఇబ్బంది కలిగించే స్థాయిలో వినికిడి లోపం ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వయసుతో వచ్చే ఆ లోపం ముందుగా ఎక్కువ పౌనఃపున్యం ఉన్న, అంటే సన్నని, ధ్వనులను తినేస్తుంది. స, ష, త వంటి హల్లులు అక్కడే ఉంటాయి కాబట్టి, మాట వినబడుతుంది గానీ ఏ మాటో తెలియదు. దానికి పాట తోడైతే ఆ మిగిలినదీ పోతుంది. పైగా చుట్టూ చప్పుడు పెరిగేకొద్దీ మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడని ఫ్రెంచ్ వైద్యుడు ఎతియెన్ లొంబార్ 1911లోనే రాశారు. ఒక బల్ల గొంతు పెంచితే పక్క బల్లా పెంచుతుంది, అది చూసి సంగీతం నడిపే అతను ధ్వని పెంచుతాడు. మేము వెళ్లి తగ్గించమని అడిగితే తగ్గించారు, పది నిమిషాలకు మళ్లీ పెరిగింది. మూడోసారి అడిగినప్పుడు, హాలు చచ్చుబడినట్టు ఉంటే వీడియోలో బాగుండదని జవాబు వచ్చింది. మాట్లాడుకోవడానికి ఖండాలు దాటి వచ్చినవారు మాట్లాడుకుంటుంటే దానిని చచ్చుబాటు అనుకునే మనిషితో వాదించడం కష్టం.

ఫొటోల ప్రదర్శన 22 నిమిషాలు సాగింది. ఫొటోలు పంపమని మమ్మల్ని నెల రోజుల ముందే అడిగారు, ఎలా పంపాలో చెప్పలేదు. అందరం ఆల్బములలోని పాత ఫొటోలను ఫోనుతో తీసి వాట్సాప్‌లో మామూలు ఫొటోగానే పంపాము. అలా పంపితే అది ఫొటోను కుదించి పంపుతుంది. డాక్యుమెంటుగా పంపి ఉంటే ఉన్నది ఉన్నట్టు చేరేది. చేతిలో ఫోను మీద చక్కగా కనిపించినవి గోడంత తెర మీద ముఖాలు కరిగిపోయినట్టు కనిపించాయి. నాలుగు అంగుళాలకు ఆరు అంగుళాల పాత ఫొటోను స్కానరు మీద 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున, తీస్తే 2400కు 3600 పిక్సెళ్లు వస్తాయి, ఏ తెరకైనా అది సరిపోతుంది. ఈ ఒక్క వాక్యం మొదటి నెలలో చెప్పి ఉంటే మా తమ్ముడు ఒక ఆదివారం కూర్చుని అన్నీ స్కాన్ చేసేవాడు.

నాణ్యత కంటే ఎంపికే నన్ను ఎక్కువ బాధించింది. 22 నిమిషాలలో 15 నిమిషాలు గత పదేళ్ల ఫొటోలే, ఎందుకంటే అవే సులువుగా దొరికాయి: మనవలు, ప్రయాణాలు, ఫోనులలో ఉన్నవి. ఇవన్నీ అమ్మ ఇదివరకే వందసార్లు చూసినవి. పెద్దవారిని తమ జీవితంలోని జ్ఞాపకాలు చెప్పమంటే, ఈమధ్య సంగతులను పక్కన పెడితే, సుమారు 10 నుంచి 30 ఏళ్ల వయసు మధ్య జరిగినవే మిగతా వయసుల కంటే ఎక్కువగా వస్తాయని మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఎన్నో పరిశీలనలలో గమనించారు. ఆ వయసు ఫొటోలు ప్రదర్శనలో మొత్తం తొమ్మిది. వాటిలో ఒకటి, ఏదో మెట్ల మీద పద్నాలుగు మంది అమ్మాయిలు నిలబడి తీయించుకున్నది, తెర మీదికి రాగానే అమ్మ కుర్చీలోంచి లేచి నిలబడి, పేర్లు చెప్పడం మొదలుపెట్టారు. నాలుగో పేరు దగ్గర ఫొటో మారిపోయింది. ఆపమని, వెనక్కి తిప్పమని మేము చేతులు ఊపాము. అది వీడియోగా తయారుచేసిన ప్రదర్శన, పాటతో ముడిపడి ఉంది, మధ్యలో ఆపడం కుదరదన్నారు. ఫొటోలను విడిగా, చేతితో మార్చే పద్ధతిలో ఉంచమని అడగాలని మాకు తట్టలేదు, అది మా తప్పు కూడా అనుకోండి. అయినా రోజూ ఇదే పని చేసేవారికి తట్టవలసినది.

ప్రత్యక్ష ప్రసారంలో జరిగిన పొరపాటు మాత్రం దాదాపు నవ్వు తెప్పించేది. వేడుక అక్టోబరు చివరి ఆదివారం తర్వాతి శనివారం పడింది. యూరప్‌లో గడియారాలను అక్టోబరు చివరి ఆదివారం ఒక గంట వెనక్కి తిప్పుతారు, అమెరికాలో నవంబరు మొదటి ఆదివారం తిప్పుతారు. ఈ రెంటి మధ్య వారంలో లండన్‌కూ న్యూయార్క్‌కూ మధ్య తేడా ఎప్పుడూ ఉండే అయిదు గంటలు కాక నాలుగు గంటలే ఉంటుంది. సంస్థవారు వేడుక వేళను ముందు లండన్ సమయంలోకి మార్చి, మధ్యాహ్నం 2 గంటలని సరిగ్గానే రాసి, అందులోంచి అయిదు తీసేసి న్యూయార్క్ వారికి ఉదయం 9 అని చెప్పారు. అక్కడ అప్పుడు 10 కావాలి. అక్కడున్న మా పిన్ని, అమ్మ పాత సహచరుడు ఒకరు సరిగ్గా గంట ముందు వచ్చి ఖాళీ తెర ముందు కూర్చున్నారు. పిన్ని ఓపికగా ఉన్నారు. ఆయన అరగంట చూసి, ఏదో రద్దయి ఉంటుందనుకుని బయటికి వెళ్లిపోయారు, అమ్మ తలుపు తెరిచిన దృశ్యం ఆయనకు దక్కలేదు.

క్యాలెండరు ఆహ్వానం పంపి ఉంటే అది ఎవరి ఊరి గడియారానికి తగ్గట్టు వారికి వేళ చూపించేది. అయితే, రహస్యం బయటపడుతుందన్న భయంతో, క్యాలెండరు ఆహ్వానాలు ఎవరికీ పంపరాదని వారే నియమం పెట్టారు. మా ఇంటి ఉమ్మడి ఖాతాకు ఎంతో అవసరమైన ఆ నియమం, సముద్రం అవతల విడి ఖాతాలు ఉన్న మనుషులకు ఎందుకో ఎవరూ ఆలోచించలేదు. రహస్యాన్ని కాపాడిన కట్టుబాటే వేళను తప్పించింది. ఇది నేను కోపంగా చెప్పడం లేదు, ఆ నిర్వాహకురాలు కూడా విన్న వెంటనే తల పట్టుకుని, ఇకపై వేళలన్నీ యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో, కూడా రాస్తామని అన్నారు.

భోజనం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, వేళకు వచ్చింది, సరిపోయింది. అలంకరణ ఫొటోలలో బాగుంది. పూల కుర్చీ ముల్లు ఒకటి అమ్మ చీరకు పట్టుకుంది, అంతే.

యాంకరు నడిపిన కార్యక్రమం గంటన్నర. ఆటలు, బహుమతులు, ఒక్కొక్కరు వచ్చి రెండు నిమిషాలు మాట్లాడడం. ఆ కిటికీ పక్కన నిలబడిన స్నేహితురాలు మాట్లాడడానికి లేచినప్పుడు మొదటి నిమిషం గొంతు పెగలలేదు, రెండో నిమిషంలో తానూ అమ్మా పరీక్షకు ముందు రాత్రి ఒకే పుస్తకాన్ని చెరో సగం చించుకుని చదివిన కథ మొదలుపెట్టారు. అంతలో యాంకరు చప్పట్లు అందుకుని మైకు పుచ్చుకున్నాడు. అతని చేతిలో కాగితం ఉంది, దానిలో ఆమె పేరు పక్కన రెండు నిమిషాలని ఉంది, తర్వాతి పేరు అప్పటికే పిలిచేశాడు. ఆ కథ మేమెవరమూ అంతకు ముందు వినలేదు.

అయినా మనుషులు తమ దారి తాము చూసుకుంటారు. హాలు బయట, సామాను పెట్టుకోవడానికి ఇచ్చిన చిన్న గదిలో రెండు సోఫాలు ఉన్నాయి. ఆటలు జరుగుతుండగా చేతులు కడుక్కుని వస్తానని లేచిన అమ్మ తిరిగి రాలేదు. వెతుక్కుంటూ వెళ్లిన చెల్లెలూ తిరిగి రాలేదు. కాసేపటికి పూల కుర్చీ ఖాళీగా, దాని ముందు మైకుతో యాంకరు, ఆ చిన్న గదిలో సోఫాల మీదా, వాటి చేతుల మీదా, నేల మీదా పదిహేను మంది. తలుపు మూస్తే పాట సగం తగ్గింది. పుస్తకం చించిన కథ అక్కడ మొదటి నుంచీ మళ్లీ చెప్పించారు, ఏ సగం ఎవరికి వచ్చిందన్న విషయంలో ఇద్దరికీ గొడవ కూడా అయింది. పెద్దమామయ్య తిట్ల బాకీ తీర్చుకున్నది ఇక్కడే. న్యూయార్క్ నుంచి తిరిగి తెర మీదికి వచ్చిన సహచరుడిని మా తమ్ముడు ఫోనులో పట్టుకుని తెచ్చి, ఫోనును సోఫా వీపుకు ఆనించి, ఆయనను కూడా మనిషిలాగా వరుసలో కూర్చోబెట్టాడు. ఆయనలా తెర మీద కలిసిన 11 మందికి హాలులో ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడే ఏర్పాటు లేదన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. వారికి అంతసేపూ వేదిక మాత్రమే కనిపించింది, వారి మైకులు ఇటువైపు నుంచే మూసి ఉన్నాయి.

అలా నలభై నిమిషాలు గడిచాయో లేదో, సంస్థ మనుషులు వచ్చి సోఫాలు లెక్క చూసుకోవాలన్నారు. ఒప్పందంలో హాలు నాలుగు గంటలు. అందులో ముందు సర్దుకునే గంట, చివర విప్పుకునే ముప్పావు గంట కలిసే ఉన్నాయని మేము చదివాము, సంతకం పెట్టాము, అర్థం చేసుకోలేదు. అంటే మనుషులకు మిగిలినది రెండుంబావు గంటలు, అందులో గంటన్నర కార్యక్రమం, 22 నిమిషాలు ప్రదర్శన. అదనపు గంటకు ఎంతైనా ఇస్తామన్నా, తమ మనుషులకు మరో చోట పని ఉందన్నారు. బల్లలు మడిచే చప్పుడు మధ్య వీడ్కోళ్లు జరిగాయి. ఆ స్నేహితురాలు బస చేసిన చోటికి అమ్మ కూడా అదే కారులో వెళ్లిపోయారు, మరునాడు మధ్యాహ్నం దాకా ఇంటికి రాలేదు.

తర్వాతి వారం నిర్వాహకురాలికి ఇవన్నీ రాసి పంపాను. రెండు రోజులలో ఆమె స్వయంగా ఫోను చేసి, ఒక్కొక్కటీ విన్నారు. బల్లల అమరిక, ధ్వని, హాలు వేళ తన చేతిలో ఉండవని, అవి వేరే విభాగం చూసుకుంటుందని, ఆ విభాగానికి తాను సేకరించిన సమాచారం చేరదని చెప్పారు. ఇంత తేడా ఎందుకు వచ్చిందో అప్పుడు అర్థమైంది. అమ్మ గురించి అన్నీ తెలిసిన మనిషి పని గుమ్మం దగ్గర ముగిసింది, గుమ్మం లోపలి పని ఆమె గురించి ఏమీ తెలియనివారిది. నిర్వాహకురాలి క్షమాపణలో సాకులు లేవు, మేము అడగకుండానే ప్రత్యక్ష ప్రసారానికి తీసుకున్న మొత్తాన్ని వెనక్కి పంపారు.

ఈ సంస్థను మళ్లీ పిలుస్తానా అంటే, రహస్యానికీ, అతిథులను వెతకడానికీ, గుమ్మం దగ్గరి క్షణానికీ, ఆ ఫొటోగ్రాఫరుకూ తప్పకుండా పిలుస్తాను. అంతవరకే విడిగా ఇస్తారా అని అడుగుతాను. యాంకరు వద్దంటాను. నలుగురు కూర్చునే చిన్న బల్లలు, పేర్లు లేని కుర్చీలు, మూసుకోగలిగిన తలుపు ఉన్న ఇంకో గది అడుగుతాను. హాలు గంటలను మనుషుల గంటలుగా లెక్కగట్టి రాసివ్వమంటాను. తెర మీద వారికి మైకు తెరిచి ఉంచే మనిషి ఒకరు ప్రత్యేకంగా కావాలంటాను. నక్షత్రాలు ఇవ్వవలసివస్తే మొదటి సగానికి ఐదు, రెండో సగానికి రెండు.

వీడియో మాకు తొమ్మిదో రోజున అందింది, గంటా పది నిమిషాలు. గుమ్మం దగ్గరి దృశ్యం మూడు కోణాలలో ఉంది. ఆటలన్నీ ఉన్నాయి. చిన్న గదిలో గడిచిన ఆ నలభై నిమిషాలలో ఒక్క దృశ్యం కూడా లేదు, కెమెరా అప్పుడు ఖాళీ పూల కుర్చీని తీస్తోంది. మా మేనకోడలు సోఫా చేతి మీద మరచిపోయిన ఫోనులో, ఎందుకో నొక్కుడుపడి, పదకొండు నిమిషాల ధ్వని మాత్రం రికార్డయింది. అందులో పుస్తకం చించిన కథ సగం ఉంది. అమ్మ ఇప్పటికి ఎక్కువసార్లు విన్నది అదే.